నీలం గుడ్డ కట్టిన చోట

12 మే 1946, ఆదివారం

ఖాళీ బియ్యం డబ్బాకి ఇన్నాళ్ళకు ఒక పని దొరికింది. ఈ డైరీ అందులో దాచుకుంటున్నాను. కంట్రోలు బియ్యం ఎలాగూ డబ్బా దాకా రావడం లేదు, సంచీలోంచి నేరుగా ఎసట్లోకే పోతున్నాయి. మా తమ్ముడు జానకి వంటింట్లో వస్తువు ముట్టుకోడు. కోవెల్లో పురాణం చెప్పే జానకిరామయ్యగారు వంటింట్లో డబ్బా మూత తీస్తే లోకం తలకిందులైపోదూ. మరదలు పురిటికి టెక్కలి వెళ్ళింది కాబట్టి ఈ నాలుగు నెలలూ వంటిల్లు నా రాజ్యం.

ఇవాళ పూజకి పువ్వులని చెప్పి కొండ మీద రెండు గంటలు తిరిగాను. పువ్వులు కోయడానికి పావుగంట చాలు. మిగతా సమయమంతా నా గుడ్డలు చూసుకున్నాను. తెలియని మొక్క కనిపిస్తే దాని పక్కన పొదకు ఒక నీలం పీలిక కట్టి, నోటుబుక్కులో నంబరు వేసి, బొమ్మ గీసుకుంటాను. మళ్ళీ పూసినప్పుడు వెళ్ళి మా ఆయన వదిలిపోయిన ఇంగ్లీషు మొక్కల పుస్తకంలో బొమ్మతో పోల్చి, తెలిస్తే ముడి విప్పేస్తాను. పోయిన కార్తీకం నాటికి ఇరవై ఒకటి కట్టాను. పద్నాలుగు మిగిలాయి. పద్నాలుగు తెలియనివి ఉండడం నాకేమీ బాగా లేదు.

ఆ పీలికలు నా నీలం చీరవి. ఆయన కొన్నది. తలకి గుడ్డ చుట్టుకున్న ముండదానికి నీలం చీర ఎందుకు? సగం చీర అయిపోయింది. ఎవరైనా అడిగితే మొక్కు కట్టానంటాను. మొక్కంటే ఎవరూ ముట్టుకోరు.

15 మే

రేల పూసింది. కొండ వాలంతా పసుపు. జానకితో చెప్పాలనిపించి ఊరుకున్నాను.

19 మే

ఇవాళ అమ్మడు కనిపించింది. పాలెంలో ఉండే గున్నమ్మ కోడలు. యుద్ధంలో జపానువాళ్ళ బాంబుల భయానికి కళింగపట్నం నుంచి పారిపోయి వచ్చి, కొండ కింద గుడిసెలు వేసుకున్న నాలుగైదు ఇళ్ళలో వాళ్ళదొకటి. గున్నమ్మ ఎండుచేపలు అమ్మేది. ఇప్పుడు చేపలూ లేవు, కొనేవాళ్ళూ లేరు. సముద్రంలో ఏముందో ఆవిడ కళ్ళు మూసుకుని చెప్పగలదు. కొండ మీద ఏముందో ఆ ఇంట్లో ఒక్కరికీ తెలీదు. నాలుగేళ్ళయినా తంగేడుకీ రేలకీ తేడా తెలీదు వాళ్ళకి.

అమ్మడు కట్టెలు దించి నా పక్కన గొంతుక్కూర్చుంది. చిక్కి సగమైంది. ఇద్దరు పిల్లలు, గంజి కూడా రెండు పూటలా లేదట. "అమ్మగోరూ, ఈ గుడ్డ కట్టినకాడ కింద ఏటుంటాది?" అంది.

అది మూడో గుడ్డ. అడవి పెండలం. పోయిన వానల్లోనే తీగా ఆకూ చూసి రూఢి చేసుకున్నాను, ముడి విప్పడం ఒక్కటే మరిచాను. తవ్వి చూపించాను. మోచేయంత దుంప. సగం నేను తెచ్చుకుని ఉడకబెట్టుకున్నాను, సగం తనకిచ్చాను. దాని మొహం చూడాలి. కొండ మీద ఉన్నవన్నీ మీకు తెలుసా అమ్మగోరూ అని అడిగింది.

తెలుసు అన్నాను.

ఆ మాట అంటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఆయన పోయి ఈ ఇంటికి వచ్చిన పదకొండేళ్ళలో నీకేమైనా తెలుసా అని ఒక్కరూ అడగలేదు. మిగతా గుడ్డల సంగతి అది అడగలేదు, నేను చెప్పలేదు.

22 మే

అమ్మడు మళ్ళీ వచ్చింది. దుంప కమ్మగా ఉందట. కాని మొన్న వండితే పిల్లలు నిన్న సాయంత్రం గాని తినలేదట. ఎందుకే అంటే, అది వాళ్ళత్త పద్ధతి. వలలో ఎరగని చేప పడితే ఇంట్లో పెద్దవాళ్ళు ముందు ఒక ముక్క తినాలి, మిగతావాళ్ళు ఒక రాత్రీ ఒక పగలూ ఆగాలి. దుంపకి కూడా గున్నమ్మ అదే పెట్టింది. కుండ ముందు పిల్లలు ఏడుస్తూ కూర్చున్నారట.

నాకు ఒళ్ళు మండింది. నేను చెప్పాక కూడా ఆగడమేమిటే, నామీద నమ్మకం లేదా మీ అత్తకి, పసిపిల్లల్ని ఏడిపించడానికా నేను దుంప ఇచ్చింది అని దులిపేశాను. అమ్మడు తల వంచుకుని, అత్తతో చెప్తానంది.

చేపల ముసలిదానికి నా పుస్తకం సంగతి ఏం తెలుసు.

25 మే

ఏడూ ఎనిమిదీ పన్నెండూ గుడ్డల దగ్గర తవ్వేసి ఉంది. గోతులు మాత్రం మిగిలాయి. కొండ మీద అడవిపందులు ఎక్కువయ్యాయి. ఏడోది ఈ వానలకు తప్పకుండా పూస్తుందని ఆశపడ్డాను, అంతా పాడు చేశాయి.

26 మే

పందులే. పందులు ఇంతేగా, ముట్టెతో కుళ్ళగించి పోతాయి.

పీలికలు కూడా లేవు. గాలికి పోయి ఉంటాయి.

27 మే

ఒళ్ళు బాగులేదు. కొండకు వెళ్ళలేదు.

28 మే

మధ్యాహ్నం పెద్ద వాన. రోహిణి ఎండలకు పగిలిన నేల ఒక్కసారి వాసన కొట్టింది. జానకి అరుగు మీద కూర్చుని శ్లోకం చదువుతుంటే బాగుంది. ఆ పీలికలకి నేను వేసేది రెండు పేట్ల గట్టి ముడి. గాలికి ఊడదు. పంది ముడి విప్పదు.

29 మే

ఏడో గోతి పక్కన తప్పిపోయిన దుంప ముక్కొకటి, అంతకుముందే మొలక వచ్చిందేమో, పైకి లేచింది. నాలుగాకులు. ఆకు కొన సన్నగా సాగి పురి తిరిగింది, పట్టుకోడానికి కొమ్మ ఎక్కడుందా అని వెతుకుతున్నట్టు. కార్తీకంలో నేనే రాసుకున్నాను నోటుబుక్కులో: "7. ఎండుతున్న తీగ. పువ్వు చూడలేదు. ఆకు కొన పక్క కొమ్మకు చుట్టుకుని ఉంది." పెండలం ఆకుకి అలా కొన ఉండదు. ఏ పెండలానికీ ఉండదు.

అయినా అమ్మడు వాళ్ళు తినేసి ఉంటారు ఈపాటికి. తినేసి బాగానే ఉండి ఉంటారు. ఏమైనా అయితే ఊళ్ళో తెలియదా?

30 మే

అమావాస్య. జానకి తర్పణాలు. వంట. వెళ్ళలేదు.

1 జూన్

నిన్న జరిగింది రాయాలి.

నిన్న పొద్దున్నే ఏడోది నాభి అనే విషపు దుంప అని తెలిసింది. తెలిసిన వెంటనే పాలెం వెళ్ళాను. అప్పటికే గున్నమ్మ మంచంలో ఉంది. ముందురోజు సాయంత్రం ఒక్క ముక్క తిందట. రెండు జాముల్లో గొంతు మంట, వాంతులు, విరేచనాలు. మనిషి ఎండు గోనెలా పడి ఉంది. గుడిసె గుంజకి మూడు నీలం పీలికలు కట్టి ఉన్నాయి, పసుపు రాసి. మొక్కు గుడ్డలు కదా, పారెయ్యకూడదని అమ్మడు తెచ్చి కట్టిందట.

చిన్న దుంపలు అంతకుముందే వండుకు తినేశారు, వాటివల్ల ఏమీ కాలేదు. ఏడోది పెద్దదని నెలాఖరుకి దాచుకున్నారు. పొయ్యి మీద కుండ మూత పెట్టి ఉంది. పిల్లలిద్దరూ దాని పక్కనే కూర్చుని ఉన్నారు. పెద్దది మూత మీద చెయ్యి వేసి ఉంచింది.

నేను వెళ్ళి కుండ తన్నేశాను. పిల్లలు బావురుమన్నారు, దుంపముక్కలు ఏరుకోబోయారు. రెండు చేతులా వాళ్ళని పట్టుకుని లాగాను. మడి, మైల, ఏమీ గుర్తు లేదు. అమ్మడు ఏడుస్తూ, "మీరు సెప్పినాక ఆగక్కర్నేదని నాను అన్నాను అమ్మగోరూ. పిల్లలకెట్టేద్దామన్నాను. అత్త ఇన్నేదు," అంది.

గున్నమ్మ వినలేదు కాబట్టి ఆ పిల్లలున్నారు.

పాలెం ఆడవాళ్ళు గుమిగూడారు. ఎవరు ఏ గుడ్డ తవ్వారని అడిగాను. అమ్మడు తప్ప ఎవరూ తవ్వలేదు, కాని లక్ష్మణమ్మ అనే ఆవిడ రేపు వెళ్దామనుకున్నానంది. ఆ గుడ్డలు ఎందుకు కట్టావమ్మా మరి, అని ఆవిడే అడిగింది. తెలియనివాటికి కట్టాను అన్నాను. వాళ్ళకి అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. గుడ్డ కట్టానంటే అదేమిటో నాకు తెలీదని.

లక్ష్మణమ్మ గుంజ దగ్గరకు వెళ్ళి, ఆ మూడు ముళ్ళూ విప్పి, నా కాళ్ళ ముందు పడేసింది.

గున్నమ్మ కొడుకు సోములు బండి కట్టి ఆవిడని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

2 జూన్

కబురు లేదు. పూజ గదిలో దీపం పెట్టి ఏం అడగాలో తెలియక లేచి వచ్చేశాను.

3 జూన్

మొన్న రాసింది అబద్ధం. నా డైరీలో నాకే అబద్ధం రాసుకున్నాను.

తెలిసింది ముప్పై ఒకటిన పొద్దున్న కాదు, ముప్పయ్యో తారీకున మధ్యాహ్నం. తర్పణాలయ్యాక జానకి విస్తరి ముందు కూర్చున్నాడు. వడ్డిస్తూ ఊరికే అడిగినట్టు అడిగాను, ఆకు కొన తీగలా చుట్టుకునే మొక్కేమిట్రా అని. వాడు ముద్ద కలుపుతూనే, "లాంగలి. మనవాళ్ళు నాభి అంటారు. దుంప నాగలిలా వంకర తిరిగి ఉంటుంది. ఉపవిషాలు ఏడింటిలో ఒకటక్కా. ఎక్కడ చూశావు?" అన్నాడు.

పుస్తకంలో అన్నాను. పప్పు వడ్డించాను. చారు పోశాను. ఏడో దుంపను నేను కార్తీకంలో ఒకసారి మట్టి తీసి చూశాను. వంకర తిరిగి ఉంది. ఆ బొమ్మ కూడా నోటుబుక్కులో ఉంది.

పాలెం ఇక్కడికి అరకోసు. వాడు భోంచేసి నడుం వాల్చాడు. సాయంత్రం దాకా నాకు పనేమీ లేదు. తోమిన ఇత్తడి సామానే మళ్ళీ తోమాను. వెళ్తే చెప్పాలి కదా. తెలుసన్న నోటితోనే తెలీదని చెప్పాలి. తినేసి ఉంటారులే, ఏమీ అయి ఉండదులే అనుకుంటూ చెంబులు తోముతూ కూర్చున్నాను. గున్నమ్మ ముక్క నోట్లో పెట్టుకుంది దీపాల వేళకట. నేను మూడు గంటలకు బయల్దేరి ఉంటే సరిపోయేది. నాలుగైనా, అయిదైనా సరిపోయేది.

నాకు సిగ్గుగా ఉంది. భయంగా ఉంది. ఆవిడ పోతే ఇంక నేనీ మొహం ఎవరికి చూపించను?

5 జూన్

బతికి ఉంది. మూత్రం వచ్చిందని కాంపౌండరు ధైర్యం చెప్పాడట.

7 జూన్

జానకికి ఊళ్ళో ఎవరో చెప్పారు. పాలెంలో గుడిసెలోకి దూరావా అన్నాడు. దూరానన్నాను. కుండ తన్నావా అన్నాడు. తన్నానన్నాను. కొండకి ఇంక వెళ్ళొద్దు, పువ్వులు నేనే కోసుకొస్తాను అన్నాడు. వాడికి గన్నేరుకీ నందివర్ధనానికీ మించి తెలీదు. నేను ఎదురు చెప్పలేదు, అది చూసే వాడికి భయం వేసింది.

11 జూన్

గున్నమ్మని ఇంటికి తెచ్చారని తెలిసి వెళ్ళాను. జానకి కోవెల్లో ఉన్నప్పుడు వెళ్ళాను. వాకిట్లోనే నిలబడి, ఏడో గుడ్డ సంగతీ, ముప్పయ్యో తారీకు మధ్యాహ్నం సంగతీ చెప్పాను. పప్పు వడ్డించడం దగ్గర్నుంచి చెంబులు తోమడం దాకా. దాచుకుంటే అది కూడా విషమే అనిపించింది.

అమ్మడు విని లోపలికి వెళ్ళిపోయింది. ఇంక నా వైపు చూడలేదు. గున్నమ్మ లోపల మంచం మీంచే మొహం నావైపు తిప్పింది. "తెలిసీ రానేదన్నమాట," అంది. అంతే. తిట్టినా బాగుండేది.

17 జూన్

గున్నమ్మ జుట్టు ఊడిపోతోందట. దువ్వెన పెడితే కుచ్చులు కుచ్చులుగా చేతిలోకే వస్తోందని సంతలో చెప్పుకున్నారు.

24 జూన్

ఏమీ లేదు.

14 జులై, ఆదివారం

ఇవాళ పెరటి గుమ్మంలో గున్నమ్మ. ఎముకల గూడు, చేతిలో కర్ర. తలకి చిరుగు గుడ్డ. రెండో చేతిలో పువ్వొకటి ఉంది. రేకులు పైకి విరుచుకుని, కొసన ఎరుపు, మొదట పసుపు, అంచులు అలలు అలలుగా. ఆయన పుస్తకంలో రంగుల బొమ్మ ఉన్న కొద్ది పువ్వుల్లో అదొకటి. ఎన్నిసార్లు ఆ పేజీ దగ్గర ఆగానో. పువ్వు ముందే తెలుసు నాకు, ఎండు తీగలో దాన్ని పోల్చుకోవడమే చేతకాలేదు.

"ఇదిగో నీ ఏడో గుడ్డ," అని అరుగు మీద పెట్టింది. పొగరు పువ్వమ్మా, ఎంత బాగున్నాదో సూడు, అంది. నిజంగా బాగుంది.

ఆవిడ తల మీద గుడ్డ తీసి గోక్కుంది. ఒక్క వెంట్రుక లేదు. నా తలకేసి చూసి నవ్వింది. "మొగుడు పోయినా నా జుట్టు పోనేదు, దుంపకి పోయింది. ఇప్పుడు ఇద్దరమూ ఒకలాగే ఉన్నాం."

ఏడ్చేశాను. మిగిలిన సగం నీలం చీర తెచ్చి ఇచ్చాను, తలకి చుట్టుకోమని. పీలికలు చెయ్యడానికా అంది. కాదు, ఇంక చెయ్యనన్నాను.

అప్పుడు ఆవిడ కూర్చుంది. బియ్యం వచ్చేలా లేవు, పిల్లలు నిలవరు, కొండ మీద తిండి ఉందని తెలిసి కూడా చూస్తూ ఊరుకోలేం, నువ్వు మానేస్తే అమ్మడు తనకి తోచింది తవ్వుతుంది, అది ఇంకా ప్రమాదం అని తాపీగా చెప్పింది. నన్నేం చెయ్యమంటావు, నా మాట ఎవరు నమ్ముతారు అన్నాను.

"మాట ఎందుకమ్మా. సేపకి నాను తిన్నాను, నాకు సేప తెలుసు. దుంపకి పేరెట్టినోలే ముందు తినాల."

సరేనన్నాను. అన్నాక అర్థమైంది. నేను ఇంట్లో ఉడకబెట్టుకుని తిన్నది లెక్కకు రాదు. తిన్నదీ లేనిదీ వాళ్ళు చూడాలి. వాళ్ళ వాకిట్లో, వాళ్ళ కుండలోంచి తినాలి.

18 జులై

పదకొండో గుడ్డ దగ్గరకు వెళ్ళాను. తీగ లేచింది. ఆకు తమలపాకులా ఉంది, కొన మామూలుగానే ఉంది, ఎక్కడా చుట్టుకోలేదు. పదిసార్లు చూశాను. పుస్తకంతో పోల్చాను. దుంప తిన్నగా ఉంది. పెండలమే అనుకుంటున్నాను.

అనుకుంటున్నాను. ఈ మాట రాయడం నాకు కొత్త.

20 జులై, శనివారం, పొద్దున్న ఎనిమిది

తిన్నాను. పాలెంలో ఆడవాళ్ళంతా చుట్టూ నిలబడ్డారు. అమ్మడు కుండలోంచి ముక్క తీసి ఆకులో పెట్టింది, నా మొహం చూడకుండా. ఎండుచేపల వాసన వేసే కుండ. ఉప్పు లేదు. మింగడానికి నీళ్ళు కూడా వాళ్ళ ముంతలోవే అడిగాను. లక్ష్మణమ్మ బుగ్గలు నొక్కుకుంది. పిల్లలు నా నోటికేసే చూస్తున్నారు.

పది గంటలు

గొంతు కొంచెం మండుతోంది. మండుతున్నట్టుందో, నేనే మండిస్తున్నానో.

పన్నెండు

వంట చేశాను. జానకి విస్తరి ముందు కూర్చుని, వడ్డించిన పప్పే మళ్ళీ వడ్డిస్తున్నావేమిటక్కా అన్నాడు. ఆ అమావాస్యనాడు వడ్డించిన చోటే, అదే గరిటె. చెప్పేశాను. వాళ్ళ కుండలోది తిన్నానని, నాభి కాదనే అనుకుంటున్నానని, రేపు పొద్దున్న దాకా చూడాలని. ఇది తెలిస్తే వీడి పురాణం ఊళ్ళో ఎవరూ వినరు. కోవెల మెట్టు ఎక్కనివ్వరేమో కూడా.

వాడు విస్తరి ముందునుంచి లేచిపోయాడు. నన్ను ఇంట్లోంచి పొమ్మంటాడనుకున్నాను. పెరట్లో కాళ్ళు కడుక్కుని వచ్చి, వంటింట్లోకి వెళ్ళి, తనే ఉట్టి మీంచి మజ్జిగ కుండ దించి నా పక్కన పెట్టాడు.

నాలుగు

కడుపులో ఏదో తిప్పుతోంది. పొద్దుట్నుంచీ ఇంకేమీ తినలేదు కాబట్టి కావచ్చు. నాకేమన్నా అయితే ఈ డైరీ చదివేవాళ్ళకి: అమ్మడి తప్పు లేదు.

ఐదున్నర

కోవెల గంట కొట్టారు. జానకి లేవలేదు. ఈ పూట పురాణం లేదన్నాడు. నా ఎదురుగా గోడకి ఆనుకుని కూర్చున్నాడు. నేను రాస్తుంటే ఏం రాస్తున్నావని అడగలేదు. కొండ మీద ఇంకా ఏమేం ఉన్నాయక్కా అన్నాడు. రేల పూసిన సంగతి చెప్పాను, రెండు నెలల ఆలస్యంగా.

21 జులై, ఆదివారం

తెల్లారేసరికి ఆకలి వేసింది. ఆకలి వేసినందుకు ఇంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

పాలెం వెళ్ళాను. గున్నమ్మ నీలం గుడ్డ తలకి చుట్టుకుని వాకిట్లో కూర్చుని ఉంది. నన్ను అటు తిరగమంది, ఇటు తిరగమంది. నాలుక చాపమంది. కళ్ళ కింద రెప్ప లాగి చూసింది, సంతలో చేప మొప్ప విప్పి చూసినట్టు. తరవాత లోపలికి కేకేసి, "ఒసే అమ్మడూ, పిల్లలకెట్టు," అంది.

పిల్లలు తినేదాకా అక్కడే కూర్చున్నాను. అమ్మడు కూడా తిని, చేయి కడుక్కుని, నాకు కొంచెం దూరంలో నిలబడింది. ఇవాళే మొదటిసారి నా మొహంలోకి చూసింది. దారిలో తొమ్మిదో గుడ్డ దగ్గర మొక్కకి తెల్లగా పువ్వులొచ్చాయి, దానిపేరేటి అమ్మగోరూ అని అడిగింది.

తెలీదన్నాను.